పిల్లికూతలన్నీ ఉబ్బసం కాదు

వేదిక మీది పెద్దలకు, పిల్లల డాక్టర్లకు, నర్సులకు నమస్కారం. పుట్టుకతో వచ్చే గుండె కవాట లోపాలన్నింటి గురించీ మాట్లాడమన్నారు. ఎబ్‌స్టీన్ (గుండె కుడివైపు మూడు రేకుల కవాటం కిందికి జారి ఉండే లోపం) గురించి, రెండు రేకుల బృహద్ధమని కవాటం గురించి స్లైడ్లు తెచ్చాను. ముందు మాత్రం పల్మనరీ కవాటం, అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిలోని తలుపు, లేకుండా పుట్టే బిడ్డ సంగతి చెప్తాను.

ఇది అరుదు. ఫాలో టెట్రాలజీ (జఠరికల మధ్య రంధ్రంతో సహా నాలుగు లోపాలు కలిసి ఉండే గుండె జబ్బు) ఉన్న నూరుమందిలో సుమారు ముగ్గురి నుంచి ఆరుగురిలో కనిపిస్తుంది. కవాటం ఉండాల్సిన చోట చిన్న గట్టులాంటి కణజాలమే ఉంటుంది, ఆ వలయమూ ఇరుకే. కుడి జఠరిక (గుండె కింది కుడి గది) కొట్టిన రక్తం ఆ ఇరుకులోంచి దూసుకెళ్తుంది, ఆపే రేకుల్లేక చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది. ఈ రాకపోకలకు పల్మనరీ ధమనులు, ముఖ్యంగా కుడివైపుది, విపరీతంగా ఉబ్బుతాయి. ఉబ్బి ఏం చేస్తాయి? పక్కనే ఉన్న శ్వాసనాళాలను నొక్కేస్తాయి. లోపలికెళ్లిన గాలి బయటికి రాదు.

నా బాధంతా ఇక్కడే. బిడ్డకు పిల్లికూతలు వినబడగానే నెబ్యులైజర్. తగ్గకపోతే యాంటీబయాటిక్. మళ్లీ నెబ్యులైజర్! బయటి నుంచి నొక్కుకుపోయిన గొట్టాన్ని ఆ మందు ఎలా తెరుస్తుందండీ? స్టెతస్కోపు ఉరోస్థి (రొమ్ము మధ్య ఎముక) ఎడమ అంచున పెట్టి వినండి: రంపంతో కట్టె కోస్తున్నట్టు పోతూ వస్తూ ఉండే శబ్దం. ఆక్సిమీటర్‌ను నమ్ముకుని కూర్చోకండి, కొందరిలో ఆక్సిజన్ దాదాపు మామూలుగానే ఉంటుంది.

నర్సులూ, ఇది మీకు. ఆయాసం ముదిరితే, మానిటర్ పెట్టి బిడ్డను బోర్లా పడుకోబెట్టండి. ధమనుల బరువు ముందుకు జారి శ్వాసనాళాల మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇది ఆస్పత్రిలో చేసే పని, ఇంట్లో అలా నిద్రపుచ్చమని తల్లికి చెప్పకండి. వెంటిలేటర్ మీదుంటే రేటు పెంచకండి, ఊపిరి వదలడానికి ఎక్కువ సమయం ఇవ్వండి. ప్రోస్టాగ్లాండిన్ మందు మీద ఆశ పెట్టుకోకండి, వీళ్లలో చాలామందికి అది తెరిచి ఉంచడానికి డక్టసే (గర్భంలో పల్మనరీ ధమనిని బృహద్ధమనితో కలిపే నాళం) ఉండదు.

సర్జన్ జఠరికల మధ్య రంధ్రం మూసి, ఉబ్బిన ధమనుల గోడలు కత్తిరించి చిన్నవి చేసి, కవాటమున్న గొట్టం పెడతాడు. కొన్నిసార్లు పల్మనరీ ధమనిని బృహద్ధమని ముందుకు తెస్తాడు. అయినా ఆపరేషన్ తర్వాత కూతలు ఉండొచ్చు. నొక్కుకుపోయిన శ్వాసనాళాల గోడలు మెత్తబడి ఉంటాయి, ఊపిరితిత్తి లోపలి చిన్న ధమనులు చిన్న శ్వాసనాళాలను చుట్టేసి నొక్కుతుంటాయి. అక్కడికి కత్తి చేరదు. పెట్టిన గొట్టం బిడ్డతోపాటు పెరగదు, మార్చాల్సి వస్తుంది. తల్లిదండ్రులకు ఈ మాటలు ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

ఇంకొకటి, మరిచిపోయేవాణ్ణి. 22వ క్రోమోజోములో ముక్క లోపించిన పిల్లలు వీళ్లలో ఎక్కువ. ఆ లోపంతో కాల్షియం తగ్గొచ్చు, రోగనిరోధక శక్తీ తగ్గొచ్చు; అందుకే రక్తంలో కాల్షియం చూడండి. క్రోమోజోము పరీక్ష ఫలితం వచ్చేదాకా రక్తం ఎక్కించాలంటే రేడియేషన్ ఇచ్చిన రక్తమే అడగండి.

వెనక వరుసలో స్కానింగ్ చేసేవాళ్లున్నారా? చేతులెత్తండి. సరే. గర్భస్థ శిశువులో పల్మనరీ ధమని బుడగలా ఉబ్బి కనిపిస్తే కలర్ డాప్లర్ వేసి రక్తం వెనక్కి వస్తోందా చూడండి. డక్టస్ కనబడిందో లేదో రిపోర్టులో విడిగా రాయండి. అది చూసే ప్రసవం పిల్లల గుండె సర్జన్, వెంటిలేటర్ ఉన్నచోట పెట్టుకుంటారు.

గంట కొట్టారు. మిగతా స్లైడ్లు ఇక చూపించలేను. ప్రశ్నలుంటే అడగండి.