ఇగిన్లాను ఎప్పుడు పంపి ఉండాల్సింది?

సభకు నమస్కారం. కెనడాలోని క్యాల్గరీలో స్థిరపడిన మన తెలుగువాళ్ల పిల్లలకు ఇక్కడి హాకీ జట్టు ఫ్లేమ్స్ అంటే ప్రాణం. ఆ పిల్లలు పుట్టక ముందు ఇక్కడ జరిగిన ఒక తప్పు గురించి ఈ రోజు మాట్లాడతాను. హాకీ అంటే ఇక్కడ మంచు మీద ఆడే హాకీయే.

1995 డిసెంబరులో ఫ్లేమ్స్ తన పేరున్న ఆటగాడు జో న్యూవెండైక్‌ను డల్లాస్ జట్టుకు ఇచ్చింది. ఒప్పందం కుదరక ఆయన ఆ సీజన్‌లో ఆడకుండా కూర్చున్నారు. బదులుగా వచ్చిన ఇద్దరిలో ఒకరు 18 ఏళ్ల కుర్రవాడు. పేరు జరోమ్ ఇగిన్లా. న్యూవెండైక్ 1999లో డల్లాస్‌కు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిపెట్టి, సీజన్ చివర కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచారు. ఇగిన్లా క్యాల్గరీకి 1,219 మ్యాచ్‌లు ఆడి 525 గోల్స్ చేశారు. ఇద్దరికీ, రెండు ఊళ్లకూ మేలు జరిగిన ట్రేడ్, అంటే ఆటగాళ్ల మార్పిడి, అది.

అదే క్యాల్గరీ, ఇగిన్లా విషయం వచ్చేసరికి, చేతిలో ఉన్న కాలాన్ని జారవిడుచుకుంది.

2004లో ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి టాంపా చేతిలో ఓడింది. 2010 నుంచి ఇగిన్లా ఉన్నన్నాళ్లూ ప్లేఆఫ్స్‌కే చేరలేదు. ఆ 2010 జనవరిలో యాజమాన్యం చేసిన పని నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. 24 ఏళ్ల డిఫెన్స్ ఆటగాడు డియాన్ ఫనెఫ్‌ను టొరంటోకు పంపి నలుగురు నడిమి స్థాయి ఆటగాళ్లను తెచ్చుకుంది. డ్రాఫ్ట్ ఎంపిక, అంటే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే హక్కు, ఒక్కటీ తీసుకోలేదు. ఇంకో పదేళ్లు ఆడగల యువకుడిని వదులుకుని, ఈ ఏడాదే గట్టెక్కుదామని చూసింది.

ఆ మరుసటి సీజన్‌లో 33 ఏళ్ల ఇగిన్లా 43 గోల్స్ చేశారు. జట్టు మాత్రం మళ్లీ ప్లేఆఫ్స్ బయటే ఉండిపోయింది. నా దృష్టిలో ట్రేడ్ చేయవలసిన సమయం అదే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు అన్నది ఇందుకే. ఒప్పందంలో ఇంకా రెండేళ్లు మిగిలి ఉన్నాయి కాబట్టి, తీసుకునే జట్టు రెండుసార్లు కప్పు కోసం పోరాడవచ్చు. అలాంటి ఆటగాడికి వచ్చే ధర వేరుగా ఉంటుంది.

2013 మార్చి చివర్లో, ఒప్పందం ముగియడానికి కొన్ని నెలల ముందు, 35 ఏళ్ల ఇగిన్లాను పిట్స్‌బర్గ్‌కు ఇచ్చారు. ఆయన సమ్మతి లేనిదే పంపకూడదన్న షరతు ఒప్పందంలో ఉండటంతో కొన్ని జట్లతోనే బేరమాడగలిగారు. చేతికి వచ్చింది ఇద్దరు కళాశాల ఆటగాళ్లు, ఒక మొదటి రౌండు ఎంపిక. ఆ ఇద్దరూ, ఆ ఎంపికతో తీసుకున్న కుర్రవాడూ, ముగ్గురిలో ఒక్కరూ ఫ్లేమ్స్‌లో నిలదొక్కుకోలేదు.

అభిమానం మాటేమిటని మీరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. వయసు చూసి పంపమని నేను అనను. ఆ ఆటగాడికి మిగిలిన మంచి ఏళ్లలో ఈ జట్టు కప్పు గెలవగలదా అన్నది ఒక్కటే చూడమంటాను. గెలవగలిగితే 38 ఏళ్లున్నా ఉంచుకోవాలి. లేకపోతే ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్న సంగతి దాచకుండా చెప్పాలి.

బోస్టన్ జట్టు రే బుర్క్‌ను 2000 మార్చిలో కొలరాడోకు పంపింది. ఇరవై ఏళ్లకు పైగా ఆడిన ఊరు. తనకు గెలిచే అవకాశమున్న జట్టు కావాలని ఆయనే అడిగారు. 2001 జూన్‌లో కొలరాడో కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ జో సాకిక్ దానిని తాను పైకెత్తకుండా నేరుగా బుర్క్ చేతికి అందించారు. కొద్ది రోజులకు బుర్క్ ఆ కప్పును బోస్టన్‌కు తెస్తే, వేరే జట్టు గెలిచిన కప్పును చూడటానికి నగర సభా భవనం ముందు వేలమంది చేరారు. పంపడమంటే ప్రేమ లేకపోవడమని ఎవరైనా అంటే నేను ఆ రోజును గుర్తుచేస్తాను.

ఇగిన్లాకు ఆ రోజు రాలేదు. కప్పు లేకుండానే ఆట ముగించారు. 2019 మార్చి 2న ఫ్లేమ్స్ ఆడే శాడిల్‌డోమ్‌లో ఆయన గౌరవార్థం 12వ నంబరు జెర్సీని పైకెత్తుతుంటే నేను పై వరుసలో నిలబడి చూశాను. చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. ఈయనకు మనం ఒక అవకాశం బాకీ ఉన్నామన్న ఆలోచన నా మనసు నుంచి పోలేదు.

క్యాల్గరీ నేర్చుకున్నట్టే ఉంది. 2024 జూన్‌లో గోల్‌కీపర్ యాకబ్ మార్క్‌స్ట్రోమ్‌ను న్యూజెర్సీకి ఇచ్చింది. వయసు 34, ఒప్పందంలో ఇంకా రెండేళ్లున్నాయి. బదులుగా ఒక యువ డిఫెన్స్ ఆటగాడు, ఒక మొదటి రౌండు ఎంపిక వచ్చాయి. ఖాళీ అయిన గోల్ ముందు 23 ఏళ్ల డస్టిన్ వుల్ఫ్ నిలబడ్డాడు. ఆ ఏడాది అతను ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీకి తుది ముగ్గురిలో ఒకడయ్యాడు. అట్టడుగుకు పోతుందనుకున్న జట్టు 96 పాయింట్లు తెచ్చుకుంది. సెయింట్ లూయిస్‌కూ సరిగ్గా అన్నే ఉండటంతో టై నిబంధన వల్ల మాత్రమే ప్లేఆఫ్స్ తప్పింది.