"ఎన్నాళ్లు?" అన్న ప్రశ్నకు లెక్కలు చెప్పగలిగిన జవాబు

సభకు నమస్కారం.

క్యాన్సర్ అని తేలిన తర్వాత రోగి గానీ, రోగిని బయట కూర్చోబెట్టి లోపలికి వచ్చిన బంధువు గానీ డాక్టరును ముందుగా అడిగేది "ఎన్నాళ్లు?" అనే. జబ్బు ఇకపై ఏ దారి పడుతుందన్న అంచనాను వైద్యులు ప్రోగ్నోసిస్ అంటారు. ఆ అంచనాకు డాక్టరు సొంత అనుభవం ఒక్కటే చాలదు. అదే జబ్బుతో అంతకుముందు చికిత్స పొందిన వేలమంది వివరాలను ఏళ్ల తరబడి నమోదు చేసి కట్టిన లెక్క దాని వెనక ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అంకె ఐదేళ్ల మనుగడ రేటు. రోగ నిర్ధారణ జరిగిన ఐదేళ్ల తర్వాత నూటికి ఎంతమంది బతికి ఉన్నారో అది చెబుతుంది. ఐదేళ్లన్నది లెక్క కోసం పెట్టుకున్న గడువే తప్ప ఆయుష్షుకు గీసిన గీత కాదు. అయినా ఆ మాట చెవిన పడగానే "ఐదేళ్లేనట" అనుకుంటూ ఇంటికి వెళ్లేవారు ఉంటారు. ఆ పొరపాటులో వారి కంటే ఆ పేరు పెట్టినవారి బాధ్యతే ఎక్కువని నా అభిప్రాయం.

ఈ రేటు కట్టడం పైకి కనిపించినంత తేలిక కాదు. పదిమంది రోగులను తీసుకుందాం. మొదటి ఏడాదిలో ఇద్దరు చనిపోయారు. ఏడాది ముగిసేసరికి ముగ్గురు ఊరు మారిపోయి ఆసుపత్రికి రావడం మానేశారు. మిగిలిన ఐదుగురిలో రెండో ఏడాది ఒకరు పోయారు. ఇప్పుడు రెండేళ్ల మనుగడ ఎంత? ఆచూకీ తెలియని ముగ్గురినీ బతికే ఉన్నారనుకుంటే 70 శాతం, అసలు లెక్కలోంచే తీసేస్తే 57 శాతం. రెండూ సరికావు. 1958లో ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ గణాంక శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతిలో, కనిపించకుండా పోయిన మనిషిని కనిపించినంత కాలం లెక్కలో ఉంచుతారు. మొదటి ఏడాది పదిమందిలో ఎనిమిది మంది, అంటే 80 శాతం. రెండో ఏడాది ఐదుగురిలో నలుగురు, మళ్లీ 80 శాతం. రెండింటినీ గుణిస్తే 64 శాతం. క్యాన్సర్ పరిశోధన పత్రాల్లో మెట్లుమెట్లుగా కిందికి దిగే ఆ గీత ఈ గుణకారమే.

అంకె వచ్చాక దాన్ని ఎదుట ఉన్న మనిషికి దగ్గరగా తేవాలి. రొమ్ము క్యాన్సర్ అని మాత్రమే చెబితే దాదాపు ఏమీ చెప్పనట్టే. అమెరికా లెక్కల్లో, జబ్బు రొమ్ముకే పరిమితమై ఉన్నప్పుడు ఐదేళ్ల సాపేక్ష మనుగడ, అంటే జబ్బు లేని అదే వయసువారితో పోల్చి కట్టే రేటు, 99 శాతానికి పైనే. దూరపు అవయవాలకు పాకితే సుమారు 30 శాతం. జబ్బు ఎంత దూరం పాకిందో చెప్పే ఈ స్టేజ్ తర్వాత కణితి స్వభావం, దాని కణాల్లో హార్మోన్లను పట్టుకునే రిసెప్టర్లు ఉన్నాయా లేదా అన్నది, వయసు, గుండె జబ్బు లాంటి ఇతర సమస్యలు చూస్తారు. రోగి తలుపు తీసుకుని తానే నడిచి వచ్చాడా, ఇద్దరి భుజాల మీద వచ్చాడా అన్నదీ డాక్టరు గమనిస్తారు. దానికి సున్నా నుంచి ఐదు వరకు ఒక కొలమానమే ఉంది. అయితే ఇలా వడపోసిన కొద్దీ పోల్చదగినవారి సంఖ్య తగ్గిపోతుంది. అచ్చం మీలాంటివారు పన్నెండు మందే మిగిలితే ఆ పన్నెండు మంది శాతాన్ని నమ్ముకోవడం కష్టం.

మీడియన్ మనుగడ ఎనిమిది నెలలు అంటే సగం మంది అంతకంటే ముందే పోయారని, మిగతా సగం అంతకంటే ఎక్కువ కాలం ఉన్నారని మాత్రమే అర్థం. ఆ రెండో సగం ఎంత దూరం సాగుతుందో మీడియన్ చెప్పదు. జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో పొత్తికడుపు పొరకు వచ్చే మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ బయటపడినప్పుడు ఆయన చదివిన అంకె ఈ ఎనిమిది నెలలే. ఆయన 2002 దాకా జీవించి, వేరే క్యాన్సర్‌తో మరణించారు.

అంకెలకూ వయసు ఉంటుంది. ఈ రోజు అచ్చయిన ఐదేళ్ల రేటు, కనీసం ఐదేళ్ల కిందట చికిత్స మొదలైనవారి గురించి చెబుతుంది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చి రోగుల మనుగడను బాగా పెంచాక, అంతకుముందటి పట్టికలు చూసి కొత్త రోగికి జవాబు చెప్పడం అర్థం లేని పని అయిపోయింది.

రోగి ముందుకు నడిచే కొద్దీ అంకె కూడా మారుతుంది. నూరుమందిలో రెండేళ్లకు 60 మంది, ఐదేళ్లకు 40 మంది మిగిలే జబ్బు అనుకుందాం. మొదటి రోజు అవకాశం 40 శాతం. రెండేళ్లు దాటిన మనిషికి అది 60లో 40, అంటే 67 శాతం. తిరిగి పరీక్షలకు వచ్చినవారికి ఈ కొత్త లెక్క చెప్పకపోవడం నాకు లోపంగానే తోస్తుంది.

ముదిరిన క్యాన్సర్‌లో ఒకే అంకె చెప్పకుండా మూడు తీరులుగా చెప్పమని ఆస్ట్రేలియాలోని కొందరు క్యాన్సర్ వైద్యులు సూచించారు. మీడియన్ పన్నెండు నెలలైతే డాక్టరు ఇలా అనవచ్చు: "మీలాంటివారు పదిమంది ఉంటే, ఒకరిద్దరు కొద్ది నెలల్లోనే దూరం కావచ్చు. సుమారు సగం మంది ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య ఉంటారు. ఒకరు మూడేళ్లు దాటవచ్చు. మీరు వీరిలో ఎవరో నాకు ఇప్పుడు తెలియదు. మూడు నెలల తర్వాత స్కాన్ చూసి మళ్లీ మాట్లాడుకుందామండి."