జాబితాలో లేని పిల్లలు

దేవరకొండ, చందంపేట, మర్రిగూడ, నాంపల్లి మండలాల నుంచి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు, ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల సిబ్బందికి నమస్కారం.

ప్రత్యేక అవసరాలు గల పిల్లల జాబితా ప్రతి బడిలోనూ ఉంది. ఆ జాబితాకు ఎక్కని పిల్లల గురించే ఈరోజు ఎక్కువగా మాట్లాడతాను. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని 21కి పెంచింది. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో మాత్రమే ఇబ్బంది పడే అభ్యసన వైకల్యం కూడా అందులో చేరింది. కాళ్లు, కళ్లు బాగానే ఉన్న పిల్లవాడికి చదువు దగ్గర అడ్డంకి ఉండవచ్చని చట్టం ఒప్పుకుంది. మనలో చాలామంది ఇంకా ఒప్పుకోలేదు. 'ఇంట్లో పట్టించుకోరు, వీడికి శ్రద్ధ లేదు' అనే రెండు మాటలతో విచారణ ముగించేస్తున్నాం. పాఠం ఆ పిల్లవాడి దాకా వెళ్లే దారిలో ఎక్కడ ఆగిపోయిందో వెతికాకే అతని గురించి ఏ నిర్ణయానికైనా రావాలన్నది నా మనవి.

ముందుగా చెవి సంగతి. జలుబు ముదిరి చెవిలో చీము పట్టిన పిల్లలను మీరంతా చూసే ఉంటారు. చెవి కారుతున్నన్నాళ్లు మాట సగం సగమే వినిపిస్తుంది. ముందు వరుసలో కూర్చున్న రోజు ఆ పాప జవాబు చెబుతుంది. ఫ్యాను మోతలో వెనక కూర్చున్న రోజు దిక్కులు చూస్తుంది. 'నిన్న చెప్పింది, ఇవాళ మొండికేసింది' అనుకుంటాం. నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని, పక్క నుంచి మామూలు గొంతుతో ఏదైనా చిన్న పని చెప్పి చూడండి. అందుకోలేకపోతే ఆరోగ్య కేంద్రానికి పంపండి. పిల్లల ఆరోగ్య పరీక్షల బృందం బడికి వచ్చినప్పుడు ఆ పేరు ముందుగా చెప్పండి. బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పే అలవాటును మాత్రం రేపే మానుకోవచ్చు. దానికి ఏ ఉత్తర్వూ అవసరం లేదు.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం చూపిస్తాను. పేరున్న చోట కాగితం అంటించాను. ఐదో తరగతి పిల్లవాడిది. 'పర్వతం' అని చెబితే 'వర్పతం' అని రాశాడు. 'పుస్తకం'లో ఒత్తు లేదు. 'చక్కెర'లోనూ లేదు. 'మ' రాయాల్సిన చోట 'య' ఉంది. ప, వ, ష చూడండి. మూడింటి ఆకారం దాదాపు ఒకటే, చిన్న గీతల దగ్గరే తేడా. ఆ తేడా ఇతని కంటికి నిలవడం లేదు. ఇదే పిల్లవాడిని నోటితో అడిగితే తమ చేనులో బోరు ఎందుకు ఎండిపోయిందో, చెరువు నిండిన ఏడాది నీళ్లు ఎలా పైకి వచ్చాయో వివరంగా చెబుతాడు. భూగర్భ జలం పాఠం అతనికి వచ్చు. రాతే రాదు. మనం రాతకే మార్కులు వేసి, పాఠం రాలేదని తేల్చేశాం.

తప్పు మాటను పదిసార్లు రాయించడం వల్ల ఒరిగేదేమీ లేదు. తప్పే పదిసార్లు రాస్తాడు. ఒక వారమంతా ప, వ రెండే తీసుకోండి. ఇసుకలో వేలితో దిద్దించండి, దిద్దుతూ పైకి పలకమనండి. ఒత్తులు వేరే రంగులో రాసి చూపించండి. పరిసరాల విజ్ఞానం పరీక్షలో ప్రశ్న మీరే చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పించుకోండి. అది దయాదాక్షిణ్యం కాదు. పాఠం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి అతని విషయంలో సరైన పద్ధతి అదే.

అయితే ఇలాంటి తప్పులు కనిపించిన ప్రతి ఒక్కరికీ వైకల్యమని ముద్ర వేయకూడదు. పాలమూరు వైపు, మన దేవరకొండ తండాల్లోనూ, అమ్మానాన్నలు పనులకు పోతే పిల్లలు కూడా వెంట వెళతారు. పుణె శివార్లలోనో, ఇటుక బట్టీల దగ్గరో నెలల తరబడి ఉండి తిరిగి వచ్చేసరికి ఇక్కడ గుణింతాలు దాటి ఒత్తులు, ఒత్తులు దాటి వాక్యాలు అయిపోయి ఉంటాయి. అలా తిరిగి వచ్చిన పిల్లవాడి నోటుపుస్తకంలోనూ ఇవే తప్పులుంటాయి. తప్పిపోయిన పాఠాలు మళ్లీ చెబితే అతను కొన్ని వారాల్లో అందుకుంటాడు. ఎంత చెప్పినా అక్కడే ఆగిపోయే పిల్లవాడిని అప్పుడు నిపుణుల దగ్గరికి పంపాలి. ముందు చెప్పి చూడాలి, ఆ తర్వాతే పేరు పెట్టాలి.

తండా పిల్లలకు ఇంకో అడ్డంకి భాష. ఇంట్లో వినేది, మాట్లాడేది లంబాడీల భాష గోర్ బోలీ. ఒకటో తరగతిలో తెలుగు మాట, తెలుగు అక్షరం ఒకేసారి మీద పడతాయి. నాలుగో తరగతి తండా అమ్మాయి చేత కథను ముందు ఆ భాషలో చెప్పించి, తర్వాత మీరు తెలుగులో చెప్పండి. తరగతి ముఖాలే మారిపోతాయి.

మర్రిగూడ, నాంపల్లి మిత్రులకు ఒక మాట. ఫ్లోరైడ్ అనగానే మనకు వంగిన ఎముకలే గుర్తొస్తాయి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముందు దెబ్బతినేవి ఎదిగే వయసు పిల్లల పళ్లు. కృష్ణా నీళ్లు వచ్చాక పరిస్థితి చాలా మారింది గానీ, ఒకసారి పడిన మచ్చ నీళ్లు మారినా పోదు. అలాంటి మచ్చలున్న ఎనిమిదో తరగతి అమ్మాయి, లేచి చదవమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, గొంతు పెగలదు. రాదు కాబట్టి చదవడం లేదని దయచేసి అనుకోవద్దు. నలుగురి గుంపులో, స్నేహితురాళ్ల మధ్య చదవనివ్వండి. ఆమె పళ్ల గురించి తరగతిలో ఒక్క వెకిలి మాట వచ్చినా అక్కడికక్కడే ఆపాల్సింది మనం.

ర్యాంపుల గురించి క్లుప్తంగా చెబుతాను. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. నిటారుగా కట్టిన ర్యాంపు మీద చక్రాల కుర్చీ ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు ప్రమాదం. వరండా దాకా ర్యాంపు ఉండి మరుగుదొడ్డి ముందు రెండు మెట్లుంటే, ఆ పిల్ల పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటుంది. దాహంతో కూర్చున్న పిల్లకు ఏ పాఠం ఎక్కుతుంది? ఈ సంగతి ప్రధానోపాధ్యాయులు స్వయంగా వెళ్లి చూడాలి.

పదో తరగతి పరీక్షల్లో అర్హులైన పిల్లలకు లేఖకుడు, అదనపు సమయం వంటి సౌకర్యాలున్నాయి. వాటికి ధ్రువపత్రం కావాలి, దరఖాస్తు బడి నుంచే వెళ్లాలి. హాల్ టికెట్లు వచ్చే వేళకు పరుగులు పెడితే పని జరగదు. పిల్లవాడు తొమ్మిదిలో చేరిన జూన్‌లోనే తల్లిదండ్రులను పిలిపించి కూర్చోబెట్టండి, కాగితాల పని మొదలుపెట్టండి. లేఖకుడితో రాయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఆ రెండేళ్ల బడి పరీక్షలన్నీ అలాగే రాయించండి.