‘బాగుంది’ అనకండి, దయచేసి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెప్పాలి. నాకిచ్చింది పావుగంట, అది పేర్లకే సరిపోతుంది. క్షమించాలి.

మన వెబ్‌సైట్ లేఔట్ గురించి, కోడ్ గురించి నలుగురి అభిప్రాయం ఎలా రాబట్టాలో చెప్పమన్నారు. పన్నెండు స్లైడ్లు తెచ్చాను. మొదటి దాని మీద ఒక్క మాటే ఉంది: ‘బాగుంది’. నన్ను ఇంతగా ముంచిన మాట ఇంకోటి లేదు. ఈ వారంలో ఎవరి సైటుకైనా ఆ మాట పెట్టినవాళ్లు చేతులెత్తండి. ఇంతేనా? అబద్ధం, ఇంకా ఉన్నారు.

కొన్నేళ్ల కిందట విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వ్యాపారం చేసే ఓ కుటుంబానికి సైటు చేశాను. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, లేత బూడిదరంగు అక్షరాలు. రుషికొండ మీద ఏసీ గదిలో, పెద్ద మానిటర్ మీద ముచ్చటగా ఉంది. పదిమందికి లింకు పంపి ‘ఎలా ఉంది?’ అన్నాను. పదిమందీ బాగుందన్నారు. సైటు ఎన్నిసార్లు తెరిచారో రాసిపెట్టే సర్వర్ లాగ్ చూశాక, తెరిచింది ఇద్దరేనని తెలిసింది.

మర్నాడు పొద్దున్నే హార్బర్‌కి వెళ్లి ఆ ఇంటి పెద్దావిడకి ఫోనిచ్చాను. ఓ పక్క వేలంపాట, నీళ్ల మీద ఎండ. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని చూసి ‘ఇందల రాతలేవి బావూ?’ అంది. ఇంటికొచ్చి బ్రౌజర్‌లో కొలిచాను. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్టు, అంటే అక్షరాల వెలుగుకీ వెనక రంగు వెలుగుకీ ఉన్న నిష్పత్తి, కనీసం 4.5కి 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ, అంటే సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే ప్రమాణం. నాది 2.3.

సైటు పరీక్షించడానికి అయిదుగురు చాలని వెబ్ వాడుక నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. ఆ అయిదుగురినీ అభిప్రాయం అడక్కండి, పని చెప్పండి: ‘రేపటికి రెండు కిలోల వంజరం ఆర్డర్ పెట్టండి’ అని. ఇక మీరు నోరు విప్పకూడదు. అదే కష్టం. ‘పైన మూడు గీతలున్నాయి చూడండి, అదే మెనూ’ అన్నారా, పరీక్ష పోయినట్టే.

అన్నట్టు, తెలుగు సైట్లు చేసేవాళ్లు ఇది రాసుకోండి. లైన్‌హైట్, అంటే ఒక్కో వరసకిచ్చే ఎత్తు, అక్షరం సైజుకి 1.2 రెట్లు మనకి చాలదు. ‘స్త్రీ’ కింద వత్తులు వేలాడతాయి, కింది వరస గుడులకి తగులుతాయి. 1.6 పెట్టి చూడండి.

కోడ్ సంగతి. నా మొదటి ఉద్యోగంలో ఓ సీనియర్ నా ఫైలు ప్రొజెక్టర్ మీద వేసి ‘ఇది కోడా, పూర్ణా మార్కెట్టా?’ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండేళ్లపాటు నా కోడ్ ఎవరికీ చూపించలేదు. తప్పంతా ఆయనదే అనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటాను. మిగతా సగం నాది. శుక్రవారం సాయంత్రం 2,000 లైన్లు చేతిలో పెట్టి ‘ఓసారి చూడండి సార్’ అంటే పాపం ఆయన ఏం చూడాలి? ఇప్పుడు ముందుగా, కోడ్ రాతలో తప్పులు తానే పట్టే డబ్ల్యూ3సీ వాలిడేటర్‌కి ఇస్తాను. మూయని ట్యాగు పట్టుకోవడానికి మనిషెందుకు? ఆ తర్వాతే ఓ ముప్పై లైన్లు పంపి, ‘ఈ సీఎస్ఎస్‌లో ఇంపార్టెంట్ నాలుగుచోట్ల వాడాల్సొచ్చింది, నేను ఎక్కడ ఇరుక్కున్నాను?’ అని అడుగుతాను. సీఎస్ఎస్ అంటే పేజీ రూపం చెప్పే కోడ్, ఇంపార్టెంట్ అంటే అందులో మిగతా రూల్స్‌ని తోసెయ్యమని బలవంతపెట్టే మాట.

టైమైందని చీటీ వచ్చింది. పదకొండు స్లైడ్లు మిగిలిపోయాయి, పోనివ్వండి. ఫోన్లు తీయండి. బోర్డు మీద నా సైటు చిరునామా ఉంది. అందులో నా ఫోన్ నంబరు ఎక్కడుందో వెతకండి. నేను మాట్లాడను.

ఏం చెల్లెమ్మా, వెనక వరసలో నవ్వుతున్నావు? మెనూ మూసుకోవట్లేదా? ఆ అమ్మాయికి మైకివ్వండి.