జపాన్ ర్యోకాన్‌లో ఒక రాత్రి: గుమ్మం నుంచి వేడినీళ్ల దాకా

[దృశ్యం: చెక్క గుమ్మం. మెట్టు కింద విప్పిన బూట్లు, వాటి కొనలు వీధివైపు తిప్పి ఉన్నాయి.]

మధ్యాహ్నం మూడయింది. బూట్లు విప్పి మెట్టెక్కాం. వెనక్కి తిరిగి చూసేసరికి ఎవరో వాటిని మళ్లీ వేసుకోవడానికి వీలుగా వీధివైపు తిప్పి పెట్టేశారు. ఆ పని చేసిన మనిషి కనబడలేదు. ర్యోకాన్ అంటే ఏమిటో నాకు మొదట అక్కడే కొంత అర్థమైంది.

అందరికీ నమస్కారం. వేడినీటి బుగ్గల ఊళ్లలో ఉండే జపాన్ సంప్రదాయ బస గురించి ఈ వీడియో. వేడినీటి బుగ్గను వాళ్లు ఒన్సెన్ అంటారు, బస చేసే ఇంటిని ర్యోకాన్ అంటారు. వెళ్లాలనుకుని, పద్ధతులు తెలియక టెన్షన్ పడి, మామూలు హోటల్ బుక్ చేసుకునేవాళ్ల కోసం చెబుతున్నాను.

[దృశ్యం: కొండల మధ్య పాత చెక్క భవనం, పొగలు కక్కే నీటి తొట్టి.]

ఈ బసలు ఎంత పాతవంటే, యమనాషి ప్రాంతంలో నిషియామా ఒన్సెన్ కెయున్‌కాన్ అనేది 705లో మొదలైంది. ప్రపంచంలోకెల్లా పాత హోటల్‌గా గిన్నిస్ రికార్డుల్లో ఉంది. అప్పటికి వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు. నన్నయ భారతం మొదలుపెట్టడానికి ఇంకా మూడొందల ఏళ్ల పైనే ఉంది.

ఏ వేడినీళ్లనైనా ఒన్సెన్ అనేయడానికి లేదు. 1948 నాటి చట్టం ఒకటుంది. నేలలోంచి వచ్చే నీళ్లు 25 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి, లేదంటే చట్టం చెప్పిన 19 పదార్థాల్లో ఒక్కటైనా తగినంత ఉండాలి. అందుకే ఒక్కో ఊరి నీళ్లది ఒక్కో గుణం. కుసత్సు అనే ఊళ్లో నీళ్లు ఎంత పుల్లనివంటే ఆమ్లంతో సమానం, పైగా గంధకం వాసన. అలాంటి ఊరికి వెళ్లేటప్పుడు వెండి తీసేసి వెళ్లండి. నా మెట్టెలు ఒక్క మునకతో నల్లబడిపోయాయి. ఇంటికొచ్చి విభూతి పెట్టి తోమితే గానీ తెల్లబడలేదు.

[దృశ్యం: కినొసాకి. కాలువకు రెండువైపులా విల్లో చెట్లు, చెక్క చెప్పుల చప్పుడు.]

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పే ఊరు కినొసాకి. క్యోటో నుంచి రైల్లో రెండున్నర గంటలు. 1925 భూకంపంలో ఊరు కూలి కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. ఇక్కడ ఏడు ఊరుమ్మడి స్నానశాలలున్నాయి. ఊరంతా కలిపి ఒకే ర్యోకాన్ అని వాళ్లే చెప్పుకుంటారు: రైల్వే స్టేషను వీధి గుమ్మం, వీధులు వసారాలు, బసలు గదులు, ఆ ఏడూ స్నానాల గదులు. ఊళ్లో బస చేసినవాళ్లకు ఏడింటికీ పాస్ ఇస్తారు, వేరే డబ్బు కట్టక్కర్లేదు. సాయంత్రమయ్యేసరికి పిల్లలూ పెద్దలూ ముసలివాళ్లూ అందరూ నూలు అంగీలు చుట్టుకుని, కాళ్లకు గెటాలనే చెక్క చెప్పులు తొడుక్కుని, ఒక స్నానశాల నుంచి ఇంకోదానికి నడుస్తుంటారు. నడిరోడ్డు మీద అంత నింపాదిగా ఉన్న జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ నూలు అంగీ పేరు యుకాతా. గదిలో మడతపెట్టి ఉంచుతారు. చుట్టుకునేటప్పుడు కుడి అంచు ఒంటికి ఆనించి, ఎడమ అంచు దాని మీదికి తెచ్చి, నడుముకు పట్టీ కట్టాలి. తిరగేసి కట్టకూడదు. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది చనిపోయినవాళ్లకు. పితృకార్యం వేళ జంధ్యం అపసవ్యంగా మార్చుకోవడం ఎరిగిన మనకు ఈ పట్టింపు వేరే చెప్పక్కర్లేదు.

[దృశ్యం: గది. తతామి చాపలు, పొట్టి బల్ల, టీ, పక్కన చిన్న స్వీటు.]

గదిలో మంచం కనబడక కంగారుపడకండి. గడ్డితో నేసిన మందపాటి తతామి చాపలే నేల. వాటిమీద చెప్పులు సరే, స్లిప్పర్లు కూడా వద్దు. టాయిలెట్ గుమ్మం దగ్గర వేరే స్లిప్పర్లుంటాయి, అవి అక్కడే వదిలి రావాలి. మనం భోజనానికి వెళ్లినప్పుడు గది పనులు చూసే నకాయి వచ్చి బల్ల పక్కకి జరిపి పరుపులు వేసి వెళ్తుంది. పగలు కూర్చునే గది రాత్రికి పడకగది అయిపోతుంది. మా అమ్మమ్మగారింట్లో కూడా అంతే, పొద్దున్న పరుపులు చుట్టేస్తే అదే హాలు.

[దృశ్యం: స్నానాల గది గుమ్మానికి వేలాడే గుడ్డ తెర. కెమెరా ఇక్కడే ఆగుతుంది. లోపల వీడియో తీయకూడదు.]

ఇప్పుడు అసలు విషయం. మనవాళ్లలో చాలామంది ఈ తెర దగ్గరే ఆగిపోతారు. లోపల ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరుగానే ఉంటుంది. తెర మీద ఆడవాళ్ల గుర్తు 女, మగవాళ్ల గుర్తు 男. కొన్నిచోట్ల రాత్రికీ పొద్దుటికీ తెరలు మారుస్తారు, కాబట్టి నిన్న వెళ్లిందే కదా అని చూడకుండా వెళ్లొద్దు.

మొదటిసారి నేను బట్టలు మార్చుకునే గదిలో తువ్వాలు గుండెలకు హత్తుకుని నిలబడిపోయాను. పక్కన ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, బట్టలు మడిచి బుట్టలో పెట్టింది, నన్ను చూసి కాస్త తల వంచింది, లోపలికి వెళ్లింది. అంతే. ఆవిడ చూపులో నేను అక్కడ ఉండటం వింతేమీ కాదు. ఆ తర్వాత నాకు భయం పోయింది.

లోపల గోడ పొడుగునా పొట్టి కుళాయిలు, ఒక్కోదాని ముందు చిన్న పీట, చిన్న తొట్టి. పీట మీద కూర్చునే ఒళ్లు రుద్దుకోవాలి. నిలబడితే పక్కవాళ్ల మీద చింది పడుతుంది. సబ్బూ షాంపూ అక్కడే ఉంటాయి. నురగ ఒక్క చుక్క లేకుండా కడుక్కుని, మనం కూర్చున్న పీట కూడా కడిగిపెట్టాలి. స్నానం మనకు ఇక్కడితో అయిపోతుంది. వాళ్లకు ఇక్కడ మొదలవుతుంది.

పెద్ద తొట్టిలో నీళ్లు 40 నుంచి 42 డిగ్రీలు. ముందు చిన్న తొట్టితో పాదాల మీద, తర్వాత మోకాళ్ల మీద, భుజాల మీద పోసుకుని ఒళ్లు అలవాటు చేసుకోవాలి. మెల్లగా దిగాలి. జుట్టు పైకి ముడి వేసుకోండి, అది నీళ్లలో పడకూడదు. తువ్వాలు కూడా ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకుంటారు. మొదటి అర నిమిషం చర్మం చురుక్కుమంటుంది, తర్వాత మెడ వెనక బిగువు దానంతటదే వదులవుతుంది. పది నిమిషాలు చాలు. బీపీ ఉన్నవాళ్లు ముందే డాక్టర్ని అడగండి. తాగి దిగొద్దు. బయటికొచ్చాక మంచినీళ్లు తాగండి.

పచ్చబొట్టు ఉంటే చాలాచోట్ల రానివ్వరు. కినొసాకిలోని ఏడు స్నానశాలల్లో మాత్రం అభ్యంతరం లేదు. పదిమందిలో దిగడం ఎంతకీ మనసొప్పకపోతే, గంట లెక్కన ఒక్క కుటుంబానికే ఇచ్చే గది ఉంటుంది, కషికిరి అని అడగండి. దాని గురించి మొహమాటపడక్కర్లేదు, జపాన్ వాళ్లే పిల్లలతో వచ్చి అవి తీసుకుంటారు.

[దృశ్యం: రాత్రి భోజనం. చిన్న చిన్న గిన్నెలు, ఒక్కోటి ఒక్కో ఆకారం.]

భోజనం ఆరు, ఆరున్నరకే. కైసెకి అంటారు, ఒకదాని తర్వాత ఒకటిగా వస్తుంది: పచ్చి చేప ముక్కలు, కాల్చినది, ఉడికించినది, చివర్న అన్నం, మిసో అనే సోయా ముద్దతో చేసే పులుసు, ఊరగాయ. కినొసాకిలో నవంబరు నుంచి మార్చి దాకా పీతల కాలం, వాటికోసమే వచ్చేవాళ్లుంటారు.

శాకాహారులు ఇక్కడ జాగ్రత్తగా వినండి. చేప ముక్క కనబడనంత మాత్రాన అది శాకాహారం కాదు. వాళ్ల వంటకు ప్రాణం దాషి అనే చారు నీళ్లు, ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో కాస్తారు. బెండకాయ మీద పోసినా, టోఫు మీద పోసినా అదే. కాబట్టి బుక్ చేసేటప్పుడే, మాంసం, చేప, చేప దాషి మూడూ వద్దని విడివిడిగా రాయండి. ఆ పూట వచ్చి చెబితే వాళ్లేమీ చేయలేరు, సరుకు ముందే తెచ్చుకుని వండుతారు. కాదనే బసలు కూడా ఉంటాయి. అప్పుడు భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోవచ్చు. పూర్తి శాకాహారమే కావాలంటే కోయాసాన్ కొండ మీది బౌద్ధ మఠాల్లో బస చేయండి, అక్కడ వండేదే అది.

అద్దె గదికి కాదు, మనిషికి లెక్క. మామూలుగా రెండు పూటల భోజనం అందులోనే. ఒక్క రాత్రికి ఇంతా అని చాలామంది నన్ను అడుగుతారు. ఊరంతా తిరిగి రాత్రి తొమ్మిదికి చేరితే నిజంగానే దండగ, భోజనం కూడా పోతుంది. మూడింటికల్లా చేరండి. భోజనానికి ముందొకసారి, పడుకునే ముందొకసారి, తెల్లారి పొగమంచులో ఇంకోసారి నీళ్లలోకి దిగండి. ఆ రోజు ఇంకే ప్లానూ పెట్టుకోకండి.

[దృశ్యం: ఉదయం. గుమ్మం ముందు యజమానురాలు, పక్కన పనివాళ్లు.]

పదింటికి ఖాళీ చేయాలి. బిల్లులో స్నానపు పన్ను అని ఉంటుంది, చాలా ఊళ్లలో మనిషికి 150 యెన్లు. టిప్ ఇవ్వక్కర్లేదు. బూట్లు మళ్లీ వీధివైపు తిప్పి సిద్ధంగా ఉంటాయి. బండి కదిలాక ఒక్కసారి వెనక్కి చూడండి, మలుపు తిరిగేదాకా వాళ్లు చేతులు ఊపుతూ అక్కడే నిలబడి ఉంటారు. మీరూ ఊపండి.