డౌట్ అనాలా, సస్పెక్ట్ అనాలా?

నమస్తే అండీ. ఆఫీసులో మీ టేబుల్ సొరుగులో పెట్టిన ఐదు వేలు కనబడటం లేదు. కొత్తగా చేరిన రవి తీశాడని మీకు అనుమానం. ఆ సంగతి మేనేజర్‌కి ఇంగ్లిష్‌లో చెప్పాలి. మనలో చాలామంది నోటికి ముందు వచ్చే వాక్యం ఇది.

స్క్రీన్ మీద: ఐ డౌట్ రవి టుక్ ద మనీ.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ మాట అంటే అందరికీ అర్థమైపోతుంది. అదే లండన్‌లోనో డాలస్‌లోనో పుట్టి పెరిగిన మేనేజర్‌కి మాత్రం సరిగ్గా తలకిందులుగా వినబడుతుంది. "రవి తీసి ఉండడని నా ఉద్దేశం" అని ఆయనకు అర్థమవుతుంది. మీరు రవి మీద ఫిర్యాదు చేస్తున్నారు. ఆయనేమో మీరు రవిని వెనకేసుకొస్తున్నారని అనుకుంటున్నాడు. ఉచ్చారణ తప్పయితే "ఏమన్నారు?" అని మళ్లీ అడుగుతారు. ఇక్కడ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు కాబట్టి ఎవరూ ఆపి అడగరు. అందుకే ఈ పదం మీద ఇవాళ ఒక వీడియో మొత్తం పెడుతున్నాను.

స్క్రీన్ మీద: ఐ సస్పెక్ట్ రవి టుక్ ద మనీ.

మనం అనాల్సింది ఇదీ. డౌట్ అనే క్రియ మనసును "కాదేమో" వైపు లాగుతుంది, సస్పెక్ట్ "అవునేమో" వైపు లాగుతుంది. "ఐ డౌట్ హీ ఈజ్ ఎట్ హోమ్" అంటే ఇంట్లో ఉండడనుకుంటా అని. "ఐ సస్పెక్ట్ హీ ఈజ్ ఎట్ హోమ్" అంటే ఇంట్లోనే ఉండి ఉంటాడని.

మరి మనం ఎందుకు తడబడతాం? తెలుగులో అనుమానం అనే ఒక్క మాట రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి. "వాడు వస్తాడో రాడో అనుమానమే" అంటే రావడం మీద నమ్మకం లేదు. "వాడే తీశాడని అనుమానం" అంటే వాడి మీదే గురి. మనకు వాక్యాన్ని బట్టి తెలిసిపోతుంది, ఇబ్బంది లేదు. ఇంగ్లిష్‌కి వచ్చేసరికి ఈ రెండింటికీ డౌట్ అనే ఒక్క మాటే వాడేస్తాం.

ఇంకో సంగతి చెప్పాలి. తర్కశాస్త్రంలో అనుమానం అంటే శంక కాదు, ఊహించి తేల్చుకోవడం. కొండ మీద పొగ కనబడింది, కాబట్టి అక్కడ నిప్పుంది. కళ్లారా చూసే ప్రత్యక్షం తర్వాత చెప్పే ప్రమాణం, అంటే నిజం తెలుసుకునే మార్గం, ఇదే. ఆనవాలు చూసి "ఉండి ఉంటుంది" అనుకోవడం కదా, సస్పెక్ట్ చేసే పనీ అదే. నిప్పు కనబడలేదు, పొగ కనబడింది. కాబట్టి "అనుమానం" అన్న ప్రతిచోటా డౌట్ అనేయకండి.

ఆసుపత్రిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. జ్వరంతో వచ్చిన పిల్లాడి కేస్ షీట్ మీద డాక్టర్ "సస్పెక్టెడ్ డెంగీ" అని రాస్తారు. లక్షణాలు డెంగీలాగే ఉన్నాయి, ఎన్‌ఎస్1 పరీక్ష చేయించాలి అని దాని భావం. విదేశంలో ఉన్న తల్లి అక్కడి డాక్టర్‌తో "వుయ్ డౌట్ ఇట్స్ డెంగీ" అంటే, "డెంగీ అయి ఉండదని మా నమ్మకం" అన్నట్టు. తల్లి భయపడుతూ చెప్పిన మాట డాక్టర్‌కి ధీమాగా చెప్పినట్టు చేరుతుంది.

పేపర్లలో వచ్చే అనుమానాస్పద మృతి సస్పిషియస్ డెత్ అవుతుంది. అనుమానం మొగుడు కూడా సస్పిషియస్ హజ్బెండే. ఇక్కడ చిన్న మెలిక ఉంది. సస్పిషియస్ అనే మాట అనుమానించే మనిషికీ వాడతారు, అనుమానం కలిగించే మనిషికీ వాడతారు. "ఐ డౌట్ హిమ్" అంటే అతని మాట నమ్మను అని, "ఐ సస్పెక్ట్ హిమ్" అంటే అతనేదో చేశాడని.

నిజానికి ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు డౌట్ మనం వాడినట్టే ఉండేది. షేక్స్‌పియర్ సుమారు 1600 నాటికి రాసిన హామ్లెట్ నాటకంలో, తండ్రి దెయ్యమై కనబడుతున్నాడని విన్న హామ్లెట్ "ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే" అంటాడు. ఏదో మోసం జరిగిందని అనుమానంగా ఉంది అని. ఇవాళ అక్కడ సస్పెక్ట్ పడాలి. స్కాట్లాండ్‌లో ఆ పాత వాడుక ఇంకా బతికే ఉంది. అక్కడ "ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్" అంటే వాన పడేలా ఉంది అని. నాకైతే ఈ సంగతి చాలా నచ్చుతుంది. మన వాడుకను వెక్కిరించేవాళ్లకు ఇది తప్పకుండా చెప్పండి.

ఇక "ఐ హావ్ ఎ డౌట్, సర్". ఇది అనుమానం కాదు, సందేహం. రేడియోలో, టీవీలో ధర్మసందేహాల కార్యక్రమాలు వస్తాయి కదా. అడిగేవాళ్లకు ధర్మం మీద నమ్మకం లేక అడుగుతారా? నమ్మకం ఉండబట్టే అడుగుతారు. తెలియనిది తెలుసుకోవాలనే ఆ ఆరాటానికి మన భాషలో పేరు సందేహం. ఇంటర్ స్టడీ అవర్స్‌లోనూ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలోనూ "డౌట్లుంటే అడగండి" అని వినబడేది దీని గురించే. భారతదేశమంతటా ఈ వాడుక ఉంది కాబట్టి ఇక్కడ దాన్ని తప్పనడం నాకు ఇష్టం లేదు. స్పానిష్ మాట్లాడేవాళ్లూ ప్రశ్న అడగబోయే ముందు డౌట్ ఉందనే అర్థంలోనే వాళ్ల మాట వాడతారు.

కానీ అమెరికా క్లయింట్‌తో కాల్‌లో ఉన్నారనుకోండి. ఆయన డిజైన్ వివరించాక మీరు "ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ ద డిజైన్" అంటే, మీకది నచ్చలేదని, పనిచేయదనుకుంటున్నారని ఆయన అనుకోవచ్చు. మీకు కావల్సింది మూడో స్టెప్పులో డేటా ఎక్కడి నుంచి వస్తుందో తెలియడం, అంతే. "ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ స్టెప్ త్రీ" అనండి. మెయిల్‌లో అయితే క్వెరీ బావుంటుంది. విన్నది సరిగ్గానే అర్థమైందో లేదో చూసుకోవాలంటే "కెన్ ఐ క్లారిఫై వన్ థింగ్?" చాలు.

మిగిలిన దగ్గరి మాటలు గబగబా చూద్దాం. నెల రోజుల్లో పదిహేను కిలోలు తగ్గిస్తామనే ప్రకటన చూసి "ఏమో, నమ్మబుద్ధి కావట్లేదు" అనుకుంటే మీరు స్కెప్టికల్. కేవైసీ అప్‌డేట్ చేయమంటూ తెలియని నంబర్ నుంచి వచ్చిన లింక్ డ్యూబియస్. ఆ మాటలో కాస్త మోసం వాసన ఉంటుంది. సంబంధం అన్ని విధాలా కుదిరింది, అయినా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు. దానికి మిస్‌గివింగ్స్ అనండి, ఎక్కువగా బహువచనంలోనే వాడతారు. మాట్లాడేటప్పుడు "ఐ హావ్ మై డౌట్స్" అన్నా సరిపోతుంది.

స్పెల్లింగ్‌లో పలకని బి సంగతి అడుగుతుంటారు. ఫ్రెంచ్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ఆ మాటలో బి లేదు. లాటిన్ మూలం దుబితారేలో ఉంది కదా అని పండితులు తర్వాత తెచ్చి పెట్టారు. అప్పు అనే అర్థమున్న డెట్ కథా ఇదే. జనం నోళ్లు మాత్రం మారలేదు.

చివరగా నో డౌట్. మన దగ్గర "నో డౌట్, సీటు మనదే" అంటే నూటికి నూరు పాళ్లూ ఖాయమని. ఇంగ్లిష్ వాక్యంలో ఊరికే నో డౌట్ అని కలిపితే అంత బలం ఉండదు. "యు ఆర్ నో డౌట్ టైర్డ్" అంటే "అలసిపోయి ఉంటారు" అని, ఒక ఊహ మాత్రమే. ఎంఎస్‌కి వెళ్లే విద్యార్థి కోసం సిఫారసు లేఖ రాసే లెక్చరర్లు దీన్ని గమనించాలి. "హీ విల్ నో డౌట్ డూ వెల్" అని రాస్తే "బాగానే చేస్తాడు లెండి" అన్నట్టు తేలిపోతుంది. "ఐ హావ్ నో డౌట్ దట్ హీ విల్ డూ వెల్" అని రాయండి. అప్పుడది లెక్చరర్ తన మాటగా ఇచ్చిన హామీ అవుతుంది.