స్ప్రేయర్ ట్యాంకులో మిగిలిన పెట్రోల్

శ్రోతలకు నమస్కారం.

పత్తి చేన్లకు మందు కొట్టే పని అయిపోయాక పవర్ స్ప్రేయర్‌ని కడిగి కొట్టంలో ఓ మూలకు పెడతాం. ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోల్ సంగతి ఎవరికీ గుర్తుండదు. మళ్లీ వానాకాలంలో తాడు లాగితే ఇంజను పలకదు. భుజం నొప్పి పుట్టేదాకా లాగి, చివరికి దేవరకొండకో మిర్యాలగూడకో మెకానిక్ దగ్గరికి మోసుకుపోతాం. ఆయన కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) విప్పితే లోపల గోధుమరంగు జిగురు కనిపిస్తుంది. సన్నటి జెట్ రంధ్రం పూడుకుపోయి ఉంటుంది. బంకువాడు కల్తీ చేశాడని తిట్టుకుంటాం. పాపం, చాలాసార్లు తప్పు బంకువాడిది కాదు.

అసలు పెట్రోల్ అంటే ఒకే సరుకు కాదండి. రిఫైనరీలో నాలుగైదు రకాల నూనెలు కలిపి తయారుచేస్తారు. అందులో పెద్ద వాటాల్లో ఒకటి క్యాటలిటిక్ క్రాకింగ్ నుంచి, అంటే బరువైన నూనెను ఒక పొడి సాయంతో విరగ్గొట్టే పద్ధతి నుంచి వస్తుంది. మిగతావాటి జోలికి ఇవాళ వెళ్లను, టైం తక్కువ. దీని గురించి మాత్రం తనివితీరా చెప్పాలని ఉంది.

ముడి చమురును మరగబెట్టి వేరుచేస్తే నేరుగా వచ్చే పెట్రోల్ కొంచెమే. బరువైన నూనె బోలెడు మిగులుతుంది. దాని అణువులు మరీ పొడుగు, వాటిని విరగ్గొట్టాలి. అందుకు జియోలైట్ అనే సన్నటి రంధ్రాల ఖనిజం ఉన్న ఉత్ప్రేరకం పొడి, అంటే ఆ పనిని వేగం చేసే పొడి వాడతారు. మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండని రేణువులు. గాలో ఆవిరో ఊదితే ఆ పొడి నీళ్లలా పారుతుంది. సుమారు 700 డిగ్రీల వేడిలో ఉన్న పొడి నిలువు గొట్టం అడుగుకు వస్తుంది, అక్కడే నూనెను చిమ్ముతారు. నూనె ఆవిరై, పొడితో కలిసి పైకి దూసుకుపోతూ రెండు మూడు సెకన్లలోనే విరిగిపోతుంది. రెండు మూడు సెకన్లు! ఈలోగా రేణువుల మీద మసి పేరుకుని పొడి నల్లబడుతుంది. దాన్ని పక్క పాత్రలోకి పంపి, గాలి ఊది, మసిని కాల్చేస్తారు. పొడి శుభ్రమవుతుంది, వేడెక్కుతుంది, మళ్లీ గొట్టం అడుగుకు వస్తుంది. నూనెను విరగ్గొట్టే వేడి, ఆ నూనె వదిలిన మసి నుంచే! నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. ఇలాంటి మొదటి యూనిట్ 1942లో అమెరికాలోని బేటన్ రూజ్‌లో మొదలైంది. అది యుద్ధకాలం, విమానాలకు మంచి పెట్రోల్ కావాలి. మనకు దగ్గర్లో విశాఖ రిఫైనరీలోనూ ఈ యూనిట్లున్నాయి. అక్కడి నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా పైపులైను కూడా ఉంది.

ఇలా విరిగి వచ్చిన పెట్రోల్‌కు ఆక్టేన్ బాగుంటుంది, అంటే ఇంజను టకటకమని కొట్టుకోదు. కానీ అందులో ఓలిఫిన్లు అనే, నిలకడ తక్కువైన అణువులు ఎక్కువ. ఇవి గాలిలోని ఆక్సిజన్‌తో మెల్లగా కలిసి, ఒకదానికొకటి అతుక్కుని జిగురవుతాయి. అందుకే రిఫైనరీలో జిగురు పట్టకుండా మందు కలుపుతారు, బీఎస్-6 (బండ్ల పొగ కాలుష్యం తగ్గించే ప్రభుత్వ ప్రమాణం) మామూలు పెట్రోల్‌లో ఓలిఫిన్లు 21 శాతం దాటకూడదని హద్దు కూడా పెట్టారు. 21 శాతమంటే తక్కువేం కాదు. రోజూ తిరిగే బండికి దీనితో టెన్షన్ లేదు, ట్యాంకు త్వరగానే ఖాళీ అవుతుంది. నెలల తరబడి కదలని స్ప్రేయర్‌తోనే వస్తుంది చిక్కు. కొట్టంలో ఎండ వేడి, సగం ఖాళీ ట్యాంకులో గాలి, ఈ రెండూ చాలు. పైగా ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది.

కాబట్టి సీజన్ చివరి మందు కొట్టగానే ట్యాంకు ఖాళీ చేయండి. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, దానంతటదే ఆగిపోయేదాకా వదిలేయండి. అప్పుడు కార్బురేటర్‌లో ఉన్నది కూడా కాలిపోతుంది. ట్యాంకు ఒక్కటే వంచేస్తే సరిపోదు, జిగురు పట్టేది ఎక్కువగా కార్బురేటర్ గిన్నెలోనే. టూ-స్ట్రోక్ స్ప్రేయరైతే ఆయిల్ కలిపిన పెట్రోల్‌ను బైకులో పోయకండి, పక్క చేను వాళ్లకు ఇంకా మందు కొట్టే పనుంటే వాళ్లకిచ్చేయండి. సీసాలో పోసి ఇంట్లో మాత్రం దాచొద్దు.